కార్పొరేటరమ్మ ఇంటి మనిషి

సూరత్‌లో ఒక ఆడమనిషి కార్పొరేటర్‌గా గెలిచిందంటే, మర్నాటి నుంచి జనం వెతికేది ఆమెను కాదు, ఆమె మొగుణ్ణి. బోర్డు మీద పేరు ఆవిడది, కుర్చీలో కూర్చునేది ఆయన. ఫోనెత్తేది ఆయన, ఇంజనీరును తిట్టేది ఆయన, రిబ్బను కత్తిరించేటప్పుడు ఆవిడ చేతిలోని కత్తెరను పక్కనుంచి పట్టుకునేదీ ఆయనే. దీన్ని ఎవరూ తప్పనుకోరు. సీటు ఆడవాళ్ళది, పెత్తనం మగవాళ్ళది అని ఊరంతా ఒప్పేసుకున్న పద్ధతి. అందుకని మా వడోద్ వీధిలోని ఆడమనిషి గెలిచినప్పుడు కూడా జనం అలవాటు ప్రకారమే మా గుమ్మం ముందుకొచ్చి, "కార్పొరేటర్ పతి ఎక్కడ?" అని అడిగారు. ఇంట్లో ఉండేది ముగ్గురం. కార్పొరేటర్, వాళ్ళమ్మ, నేను. ముగ్గురం ఆడవాళ్ళమే. జనం మా ముగ్గురినీ మార్చి మార్చి చూశారు, కాసేపు ఆలోచించారు, చివరికి వాళ్ళ గోడంతా నాకు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

అలా నేను కార్పొరేటర్ మొగుణ్ణయ్యాను. ఆ హోదా మరీ అబద్ధమేమీ కాదు. కార్పొరేటరూ నేనూ ఒక ఇంట్లో, ఒక సంసారంగా బతుకుతున్నవాళ్ళమే. ఆ సంగతి తను దాచలేదు, మైకులోనే చెప్పింది. తను అంటే కార్పొరేటరే. ఇంట్లో పేరు పెట్టి పిలుచుకుంటాం గాని, ఈ రాతలో ఎవరి పేరూ ఉండకూడదని తన షరతు. సరే అన్నాను.

ఈ మధ్య హైదరాబాదు నుంచి ఒక విలేకరి అమ్మాయి ఫోన్ చేసింది. ఆడవాళ్ళతో కాపురం చేసే ఆడవాళ్ళు, మగవాళ్ళతో ఉండే మగవాళ్ళు, హిజ్రాలు, వీళ్ళలో బయటికి చెప్పుకుని రాజకీయాల్లో నిలబడ్డవాళ్ళ గురించి రాస్తోందట. కొన్ని దేశాల్లో ప్రధానమంత్రులే అలాంటివాళ్ళు ఉన్నారని, మన దేశంలో ఒక ఊరి జనం హిజ్రాను మేయరుగా గెలిపించారని చెప్పింది. చక్కగా మాట్లాడింది. "ఇంట్లో ఎలా ఉంటుంది మేడమ్, అలాంటి నాయకురాలితో?" అని అడిగింది. నేను తిరిగి అడిగాను, "ఆ ప్రధానమంత్రుల ఇళ్ళల్లో అత్తగార్లు ఉంటారా అమ్మా?" ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నేను నవ్వించడానికి అడగలేదు. ఈ విషయంలో నాకు తెలిసిందంతా మా ఇంటి అత్తగారి దగ్గరే ఉంది.

మాది కాకినాడ దగ్గర. హజీరాలో ఒక కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగం వచ్చి సూరత్ చేరాను. స్టోర్స్ అంటే బోల్టు నుంచి బాయిలరు గొట్టం దాకా ఏది ఎక్కడుందో తెలియాలి, అవసరానికి అడిగితే వెంటనే ఇవ్వాలి, ఊరికే అడిగితే ఇవ్వకూడదు. ఆ ఉద్యోగం వల్ల నాకీ గుణం వచ్చిందో, ఈ గుణం చూసే ఆ ఉద్యోగం ఇచ్చారో తెలీదు గాని, ఏ వస్తువైనా దాని చోట లేకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. మనుషుల విషయంలోనూ అంతే. నాకు కోపం ఎక్కువ అంటారు. కోపం కాదు, ఓపిక తక్కువ.

ఒక వానాకాలం ఖాడీ పొంగింది. ఖాడీ అంటే మా వీధుల వెనకనుంచి పోయే మురుగు వాగు. పాండేసరా, వడోద్ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చేశాయి. మా కంపెనీ బిస్కెట్ ప్యాకెట్లు పంచమని మమ్మల్ని వ్యానులో పంపింది. వీధి మొదట్లో ఒక ఆడమనిషి చీర మోకాళ్ళపైకి దోపుకుని, బల్ల మీద నిలబడి, మున్సిపాలిటీ వాళ్ళకు హిందీలోనూ గుజరాతీలోనూ ఆజ్ఞలిస్తోంది. నన్ను చూసి తెలుగులోకి దిగింది.

"గీ బిస్కిట్లు ఎవలు తింటరమ్మా? పొయ్యిల దాక నీళ్ళున్నయ్. నీళ్ళు తోడే మోటరు తేపో!"

జీవితంలో నన్ను అలా గదమాయించినవాళ్ళు లేరు. వెళ్ళి మోటారు తెచ్చాను. మా స్టోర్స్‌లోంచి ఒక వస్తువు పై అధికారిని అడగకుండా బయటికి వెళ్ళడం అదే మొదలు, అదే చివర. నీళ్ళు తగ్గాయి గాని నేను మళ్ళీ మళ్ళీ ఆ వీధికి వెళ్తూనే ఉన్నాను. అలా వెళ్ళి వెళ్ళి అక్కడే ఉండిపోయాను.

తను పుట్టింది వడోద్‌లోనే. నాన్న కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసి, ఆ రొదలోనే చెవుడు తెచ్చుకుని, ఆఖరికి పోయాడు. తల్లి బాబిన్లు చుట్టి పిల్లల్ని పెంచింది. తల్లిని తను అవ్వ అంటుంది, నేనూ అలాగే పిలుస్తాను. నేను ఆ ఇంట్లో చేరిన రోజు అవ్వ ఏమీ అనలేదు. నా పళ్ళెంలో అన్నం పెట్టింది. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. నాకు కారం పడదని నా వాటా కూర ముందే తీసి పక్కన పెట్టేది. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది. కానీ ఎవరైనా వచ్చి, "ఈమె ఎవలు?" అని అడిగితే మాత్రం, "హజీరాల ఆఫీసుకు పోతది" అని జవాబిచ్చేది. అడిగినవాళ్ళకు అది జవాబు కాదని తెలుసు. అవ్వకూ తెలుసు. ఏళ్ళ తరబడి నేను ఆ ఇంట్లో ఎవరినంటే, ఆఫీసుకు వెళ్ళే మనిషిని.

మొదటి ఎన్నికల సంగతి. మా వార్డుకు నలుగురు కార్పొరేటర్లు, అందులో ఇద్దరు ఆడవాళ్ళుండాలి. ఒక పార్టీవాళ్ళు తనను అడిగారు. వీధిలో నీళ్ళూ నల్లాలూ మురుగూ అన్నిటికీ తనే కొట్లాడుతుంది కదా, ఆ కొట్లాటేదో తమ జెండా కింద కొట్లాడమన్నారు. పార్టీ పెద్దమనిషి మా ఇంటికొచ్చి, "మీ ఆయన?" అని అడిగాడు. "లేడు. ఈమె ఉంది" అంది తను. "చెల్లెలా?" అన్నాడాయన. "కాదు" అంది. ఆయన ఫ్యాను వైపు చూశాడు, నా వైపు చూశాడు, చాయ్ తాగాడు. గెలిచే మనిషి కావాలి, కనుక మరేమీ అడగలేదు.

అడగాల్సినవాళ్ళు తర్వాత అడిగారు. అవతలి పార్టీవాళ్ళు వీధి వీధికీ వెళ్ళి మా గురించి గుసగుసలు మొదలుపెట్టారు. ఒక సాయంత్రం తను ప్రచారం టెంపో మీద నిలబడి, నల్లా కాడ గుమిగూడిన ఆడవాళ్ళ ముందు మైకు తీసుకుంది. నేను కింద, జనంలో ఉన్నాను.

"నాకు పెండ్లి కాలేదని చెప్తున్నరట. కాలె. గని ఇల్లున్నది, ఇంట్ల మనిషున్నది. అగో, ఆడ నిలబడ్డది. మేమిద్దరం ఒక్క కాపురం. మీ నల్లల నీళ్ళు రావాలంటె నా పక్కన ఎవలున్నరో చూస్తరా, ఖాడీ నీళ్ళొచ్చిన్నాడు నేను యాడ నిలబడ్డనో చూస్తరా?"

నవ్వినవాళ్ళు నవ్వారు. ఒకామె ముక్కున వేలేసుకుంది. నా చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. భూమిలోకి పోదామా అనిపించింది, అదే క్షణంలో ఇంకోసారి చెప్తే బాగుండుననీ అనిపించింది. అవ్వ ఆ రోజు అక్కడ లేదు, కానీ వీధిలో చెప్పిన మాట ఇంటికి రావడానికి ఎంతసేపు? రాత్రి వంటలో ఉప్పు ఎక్కువైంది. అంతకుమించి అవ్వ ఏమీ బయటపడలేదు. తను గెలిచింది.

తర్వాతి ఐదేళ్ళూ నా జీవితంలో బాగా అలసిపోయిన ఏళ్ళు, బాగా నవ్విన ఏళ్ళు కూడా. మా పార్టీ నలుగురి ప్యానెల్‌లోని రెండో కార్పొరేటరమ్మకు అసలైన మొగుడు ఉన్నాడు. ఆవిణ్ణి నేను ప్రమాణం చేసిన రోజు చూశాను, మళ్ళీ ఎప్పుడూ సరిగా చూడలేదు. ఆయన్ను మాత్రం రోజూ చూసేదాన్ని. పెద్ద మీసాలు, చంకలో చేతిసంచీ. నన్ను "బెన్" అని, అంటే అక్కా అని, ఎంతో మర్యాదగా పిలిచేవాడు. మొదట్లో ఇబ్బంది పడ్డాడు గాని, త్వరలోనే తనదైన పద్ధతిలో నన్ను అర్థం చేసుకున్నాడు. "బెన్, మనిద్దరిదీ ఒకటే డిపార్ట్‌మెంట్" అన్నాడు ఒకరోజు హిందీలో. మనం లేకపోతే ఈ ఆడవాళ్ళ వల్ల ఏమవుతుందని కూడా అన్నాడు. నేనూ ఆడదాన్నేనన్న సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

నాకూ ఆయనకూ ఒకటే తేడా. ఆయన కుర్చీలో కూర్చుంటాడు, నేను కూర్చోను. వచ్చినవాళ్ళ మాట వింటాను, తను ఇంటికి రాగానే చెప్తాను, ఏమి చేయాలో తనే చేస్తుంది. వార్డులో ఏది ఎక్కడ పాడైందో నా బుర్రలో ఉండేది. హజీరా బస్సు దిగి వస్తుంటే వీధి మొదట్లోనే ఆడవాళ్ళు పట్టుకునేవాళ్ళు. వాళ్ళకు నేను ఎవరినన్న అనుమానం పోయింది. మొగుడు అనే ఖాళీ ఒకటుంది, అందులో నేనున్నాను, పనులవుతున్నాయి, అంతే. మనం పెద్ద పెద్ద ఉపన్యాసాలిచ్చి మార్చాలనుకున్న జనం, కుళాయి బాగైతే చాలు ఎంత సులువుగా సర్దుకుంటారో చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఒక్క అవ్వ దగ్గరే ఆ సులువు లేదు.

రెండో ఎన్నికలు దగ్గరపడ్డాక, ఒక ఆదివారం పొద్దున కులసంఘం పెద్దలు ముగ్గురు మా ఇంటికొచ్చారు. తను లేని సమయం చూసుకునే వచ్చారు. వార్డులో తెలుగువాళ్ళ ఓట్లు చాలావరకు వాళ్ళ మాట మీద పడతాయి. అవ్వ గోడవార కూర్చుని పుంటికూర ఏరుతోంది. పెద్దల్లో పెద్దాయన సంఘం అధ్యక్షుడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి, తప్పు పట్టుకోవు. నీ మీద మాకు కోపం లేదు. గని ఈసారి గాలి మంచిగ లేదు. పోయినసారి ఆమె మైకుల చెప్పింది, జనం నవ్విండ్రు, ఓట్లేసిండ్రు. ఈసారి అవుతలోళ్ళు గదే పట్టుకొని తిరుగుతున్నరు. ఎలచ్చన్లు అయ్యేదాక జర వేరే ఇంట్ల ఉండు. గంతే."

"ఎన్నికలయ్యాకో?" అన్నాను.

"అటెన్క నీ ఇష్టం. మేమేమన్న అడుగుతమా?"

"మీ ఇళ్ళల్లో కూడా ఎన్నికలొస్తే ఆడవాళ్ళను పుట్టిళ్ళకు పంపిస్తారాండీ?"

ఆయన దగ్గాడు. మిగతా ఇద్దరూ నేల చూశారు. అవ్వ మాట్లాడుతుందేమోనని అటు చూశాను. అవ్వ తలెత్తలేదు, ఆకు ఆకుకూ కాడ తుంచుతూనే ఉంది. ఆ ముగ్గురి మాటలకంటే నాకు ఆ మౌనమే ఎక్కువ బాధ కలిగించింది.

తను వచ్చాక చెప్పాను. అగ్గి మీద గుగ్గిలమైంది. "ఒకసారి మైకుల చెప్పిన. ఇప్పుడు నిన్ను దాచిపెడితె అప్పుడు చెప్పింది అబద్ధమైతది. ఓడిపోతె ఓడిపోత" అంది. నా లెక్క వేరు. ఖాడీ పక్కన తను కట్టిస్తున్న అడ్డుగోడ సగంలో ఉంది. తను ఓడితే ఆ గోడ అక్కడే ఆగుతుంది, వానలకు మళ్ళీ ఇళ్ళల్లోకి నీళ్ళొస్తాయి. అప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ నన్ను చూసి, ఈమె వల్లే అనుకుంటారు. అది నేను పడలేను. కొన్నాళ్ళు దూరంగా ఉంటే కొంపేమీ మునగదు, ఇక్కడే ఉంటే నిజంగా మునుగుతుంది అన్నాను. మాటా మాటా పెరిగింది. చివరికి తను, "పోతె పో. నేనైతె పొమ్మన్లె" అని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆల్థాన్‌లో మా ఆఫీసావిడ ఫ్లాటు ఒకటి ఖాళీగా ఉంది. సంచీ సర్దుకుని బయల్దేరాను. అవ్వ చింతకాయ పచ్చడి డబ్బా నా చేతిలో పెట్టి, "మెల్లగ పో" అంది. ఇంకేమైనా అంటుందేమోనని గుమ్మంలో కాసేపు చెప్పులు సర్దుకుంటున్నట్టు నిలబడ్డాను. అనలేదు.

ఆల్థాన్ మా వడోద్‌కు పెద్ద దూరమేం కాదు, కానీ వేరే దేశంలా ఉంటుంది. లిఫ్టు, వాచ్‌మన్, బాల్కనీల్లో పూలకుండీలు. సాంచాల చప్పుడు లేక పగలు కూడా చెవుల్లో ఏదో లోటుగా ఉండేది. ఎలాగో అలవాటు చేసుకుందామనుకుంటుండగానే మొదటి మనిషి వచ్చింది. మా వీధి చివరింటి ఆవిడ. డ్రైనేజీ మూత విరిగిందట. ఎలా కనుక్కున్నావంటే, హజీరా బస్సు డ్రైవర్ని అడిగానంది. మర్నాడు ఇంకో ఇద్దరు. మొగుడెక్కడుంటే ఆఫీసు అక్కడే కదా! పెద్దలు నన్ను దాచిపెట్టామనుకున్నారు గాని, వార్డంతా ఆటోలెక్కి నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టింది. వాచ్‌మన్ మూడో రోజు, "మేడమ్, మీరు డాక్టరా?" అని అడిగాడు.

తర్వాత మా పక్కింటి పెద్దావిడ వచ్చింది. నోరు గల మనిషి. ఆమెకు పనేమీ లేదు. వచ్చి సోఫా మీద కాకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కొట్టిందా?"

"ఎవరు?"

"ఆమెనే."

"అయ్యో, లేదు."

"తాగుతదా?"

"చాయ్ తాగుతుంది."

"మరేంది? ఎందుకొచ్చినవ్? ఆలుమగలన్నంక..." అని ఆగింది. కొంచెం ఆలోచించింది. "అదే, ఇద్దరన్నంక ఒక మాట వస్తది, పోతది. గంత దానికి ఇల్లిడిసి వస్తరా?"

అసలు కారణం చెప్పనని పెద్దలకు మాటిచ్చాను. చెప్పకపోయేసరికి గొడవ నిజమేనని ఆమెకు రూఢి అయిపోయింది. వీధికి వెళ్ళి ఏం చెప్పిందో గాని, రెండ్రోజుల్లో వీధి రెండు పక్షాలైంది. కొందరు నాదే తప్పన్నారు, కొందరు తనదన్నారు. పొద్దస్తమానం వార్డు పట్టుకుని తిరిగితే ఇంట్లో మనిషి ఉంటుందా అని తన మీద గట్టిగానే మాట పడింది. మా డిపార్ట్‌మెంట్ మీసాలాయన నాకు ఫోన్ చేసి, "బెన్, ఇది బాగాలేదు. మొగుడు వదిలేసిన కార్పొరేటర్ అంటే జనం భయపడతారు" అన్నాడు, చాలా దిగులుగా.

ఒక సందులో ప్రచారానికి వెళ్తే ఒకామె తనను నిలదీసిందట. "ఇల్లు నిలుపుకోనిదానివి వార్డేం నిలుపుతవ్?" అని. ఏ మాటకైనా మైకులో జవాబిచ్చే మనిషి, ఆ మాటకు మైకు కట్టేసి తిరిగొచ్చేసింది.

పెద్దలు ఇద్దరు ఆల్థాన్‌కు పరుగెత్తుకొచ్చారు. అధ్యక్షుడు రాలేదు. ఆయన ఇంకా మొదట అన్న మాట మీదే ఉన్నాడట, కొంచెం ఓపిక పడితే జనమే అదంతా మర్చిపోతారని. ఈ ఇద్దరికీ మాత్రం భయం పట్టుకుంది. ఇద్దరు ఆడవాళ్ళ కాపురాన్ని జనం ఎలాగో మింగేశారు, విరిగిన కాపురాన్ని మాత్రం మింగేలా లేరు. "అమ్మా, ఇంటికి పో" అన్నారు.

నాకు మండింది. "పొమ్మంటే పోయి, రమ్మంటే రావడానికి నేనేమన్నా మీ ప్రచారం టెంపోనా? మీలో ఇల్లు విడిచొచ్చిన కోడల్ని ఎవరొచ్చి తీసుకెళ్తారు?"

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. "అత్తగారింటి పెద్దలొస్తరు" అన్నాడు ఒకాయన, నెమ్మదిగా.

"అయితే ఆ ఇంటి పెద్దను రమ్మనండి."

వాళ్ళు వెళ్ళిపోయాక గాని నేనేమన్నానో నాకు తెలిసిరాలేదు. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. ఆ ఇంటి పెద్ద అంటే అవ్వ. నా గురించి ఇన్నేళ్ళలో ఒక్క మాట అనని మనిషి, డెబ్బై ఏళ్ళ మనిషి, నలుగురి ముందు నన్ను కోడలని ఒప్పుకుని తీసుకెళ్ళాలని అడిగాను. రాకపోతే? నా అంతట నేను వెళ్ళే దారి కూడా మూసేసుకున్నాను. ఎన్నికలు అయిపోయినా ఆ గుమ్మం ఏ ముఖంతో ఎక్కను?

సాయంత్రం తను వచ్చింది. సోఫా అంచున కూర్చుంది. చిక్కిపోయింది.

"నేను పిలిస్తె రావా?"

"నువ్వు పిలిస్తే ఎప్పుడైనా వస్తాను. కానీ వీధి ముందు ఒకసారి నువ్వు చెప్పావు కదా, నీ వంతు అయిపోయింది."

"అవ్వ రాదు" అంది తను. "నేను అడుగ కూడ అడుగ. నా కోసం ఎన్నో మింగింది. గీ వయసుల ఇంకొకటి మింగుమని చెప్పలేను."

అది న్యాయమే. చాయ్ ఇచ్చాను. తాగి, నా చేయి కాసేపు పట్టుకుని, మీటింగుకు వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. భయమేసింది. ఓట్లు, గోడ, ఖాడీ ఏవీ గుర్తుకు రాలేదు, ఆ ఇల్లు నాదేనా కాదా అన్నది ఒక్కటే మిగిలింది.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, మెట్ల మీద ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి. మా బిల్డింగులో మెట్లెక్కేవాళ్ళు ఎవరూ లేరు. తలుపు తీసి చూస్తే, అవ్వ. ఒక చేయి మెట్ల కమ్మీ మీద, ఒక చేయి పక్కింటి పెద్దావిడ భుజం మీద. వెనక మా వీధి ఆడవాళ్ళు ఇంకొందరు. లిఫ్టు పెట్టెలో ఎక్కనని మొండికేసి, ప్రతి మలుపులోనూ కూర్చుని లేస్తూ నాలుగంతస్తులు ఎక్కింది. కింద వాచ్‌మన్ అడ్డం నిలబడి ఎవరింటికని అడిగితే, వాడికి ఒక్క ముక్క అర్థం కాని తెలుగులో, "నా ఇంటి పిల్ల ఈడున్నది, జరుగు" అందట. పెద్దావిడ తర్వాత చెప్పింది.

లోపలికొచ్చి నీళ్ళు తాగింది. ఆయాసం తగ్గేదాకా గోడకానుకుని కూర్చుంది. తర్వాత సంచీలోంచి ఒక చీర తీసింది. కొత్త చీర, నాలుగు కొసలకూ పసుపు రాసి ఉంది.

"కట్టుకొని నడువు. తోల్కపోను వచ్చిన."

"అవ్వా, ఇంత ఎండలో మీరెందుకు..."

"జర మాట్లాడనియ్యి నన్ను" అంది. వెంట వచ్చినవాళ్ళ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. "మీ పెండ్లి నేను చెయ్యలె. పందిరెయ్యలె, నలుగుర్ని పిల్వలె. నలుగుర్ని పిల్వని దానికి నలుగురు అడిగితె ఏమని చెప్పాలె? తెల్వక, ఆఫీసుకు పోతదని చెప్పుకుంట వచ్చిన. ఆ ముగ్గురొచ్చి నిన్ను పొమ్మన్ననాడు గూడ నోరు రాలె. నువ్వు పోయినంక, కూర వాటా తీసి పక్కన పెట్టి, ఎవలికి పెట్టిన్నో యాదికొస్తుండె. ఇగ నాతోని కాదు. నలుగురు లేరనే గద? ఇగో, నలుగుర్ని ఎంబడి తెచ్చిన. వీళ్ళు చూస్తుండంగ పిలుస్తున్న. నా కోడలివి, నడు ఇంటికి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకునే ఓపికా లేదు. పెద్దావిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది. చీర కట్టుకున్నాను. కుచ్చిళ్ళు సరిగా రాలేదని అవ్వే కూర్చుని సర్దింది.

దిగేటప్పుడు కూడా మెట్లే. ఆటోలు మా వీధి మొదట్లో ఆగాయి. అవ్వ ముందు, నేను వెనక, మిగతావాళ్ళు మా వెనక. సాంచాల వాళ్ళు షిఫ్టు మారే వేళ, వీధి నిండా జనం. ఎవరో అలవాటుగా, "ఎవలే అవ్వా?" అని అడిగారు. "కోడలు" అంది అవ్వ ఆగకుండా. తను గుమ్మంలో ఉంది. మమ్మల్ని చూసి, "అన్నం వండిన. మాడింది" అంది. ఆ మాడిన అన్నమే అందరం తిన్నాం.

ఆ తర్వాత ప్రచారం చివరి రోజుల్లో అవ్వ కూడా టెంపో ఎక్కింది. మైకు పట్టుకోలేదు. నా పక్కన కూర్చుని, ఎదురుపడ్డ ప్రతి మనిషికీ దండం పెట్టింది. అధ్యక్షుడు ఆ టెంపో వెళ్ళిన సందుల్లోకి రాలేదు.

ఓడిపోయాం. గట్టిగానే ఓడిపోయాం. ప్యానెల్‌లో నలుగురూ ఓడారు. మిగతా ముగ్గురి ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు శాస్త్రోక్తంగానే ఉన్నారు, అయినా ఓడారు. గాలి అలా వీచింది. మీసాలాయన ఫోన్ చేసి కాసేపు బాధపడి, "ఇక మనిద్దరికీ సెలవే బెన్" అన్నాడు. ఖాడీ గోడ సంగతి తలచుకుని తను మధ్యాహ్నమంతా గదిలోంచి బయటికి రాలేదు. గెలిచినవాళ్ళను కూడా వదలను, కట్టించి తీరతానని తర్వాత అంది గాని, ఆ రోజు మాత్రం చాలా బాధపడింది. నాకు లోపల పురుగు తొలుస్తూనే ఉంది, నా వల్లేనా, నా వల్లేనా అని.

సాయంత్రం పరామర్శకు జనం వచ్చారు. సంఘం అధ్యక్షుడు కూడా వచ్చాడు. పెద్దమనిషి, రావడం మానలేదు. కుర్చీలో కూర్చుని, తల ఊపుతూ, నన్ను చూడకుండా అవ్వతో అన్నాడు.

"నేను ముందే చెప్పిన గదనే అక్కా. ఎలచ్చన్లు అయ్యేదాక ఆమె ఆల్థాన్‌లనే ఉంటె నీ బిడ్డ గెలుస్తుండె."

తను గది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. నేను తలవంచుకున్నాను. అవ్వ చాయ్ గ్లాసు ఆయన చేతికందించి, ఎదురుగా కూర్చుంది. గొంతు కూడా పెంచలేదు.

"గెలుస్తుండెనేమో తమ్మీ. గెలిచి ఏ ఇంటికి వస్తుండె?"